ఆ రెండు రూల్స్‌లో ఏది నెగ్గాలి?

డ్రూల్స్‌లో (మనం రాసిన రూల్స్‌ని డేటాతో పోల్చి నడిపే జావా ఇంజిన్) నా మొదటి రూల్స్ ఫైల్‌ని టీమ్‌లో ఎవరూ చూడకముందే, లోన్ల విభాగం పెద్దావిడ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. "చూపించు, నేనూ చదవాలి కదా" అన్నారు. ఆవిడకి జావా రాదు. అయినా 'వెన్' కింద ఉన్న షరతులన్నీ వేలు పెట్టి చదివి, "పాత కస్టమరైతే రేటు తగ్గిస్తున్నావు, అప్పులెక్కువుంటే పెంచుతున్నావు, రెండూ ఉన్న మనిషి వస్తే ఏది నెగ్గుతుంది?" అని అడిగారు.

ఇంత మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఫైల్లో పైనున్న రూలే ముందు నడుస్తుందని నమ్ముకోకూడదు. ఇన్సర్ట్ చేసిన డేటాకి సరిపోయిన రూల్స్ అన్నీ అజెండాలో, అంటే నడవాల్సినవాటి జాబితాలో, చేరతాయి, 'ఫైర్ఆల్‌రూల్స్' పిలిచాక అక్కడినుంచి నడుస్తాయి. సేలియన్స్ (ప్రాధాన్యం) నంబరిచ్చి వరస పెట్టొచ్చు గానీ, ప్రతి రూల్‌కీ నంబర్ తగిలిస్తే అది మళ్లీ ఇఫ్-ఎల్స్ గొలుసే, ఇంజిన్ తెచ్చుకుని లాభం లేదు. షరతులే ఒకదానికొకటి అడ్డురాకుండా రాసుకోవాలి. చార్లెస్ ఫోర్జీ 1970ల్లో కనిపెట్టిన రీటీ అల్గారిథమ్ అయినా, డ్రూల్స్ 6తో వచ్చిన ఫ్రీక్ అల్గారిథమ్ అయినా, ఏ రూల్ ఎవరికి తగులుతుందో వేగంగా చెబుతాయి, అంతే. ఏది నెగ్గాలో ఆవిడే చెప్పాలి.

"మీవాళ్లు అడగరు, చెప్పింది చేస్తారు" అని ఇక్కడ ఒకరిద్దరు అంటుంటే ఒళ్లు మండుతుంది. అడగడానికి మనిషి కనబడితే కదా! ఇండియాలో పనిచేసేటప్పుడు రిక్వైర్‌మెంట్ నాలుగు చేతులు మారి మా దాకా వచ్చేది, అసలు మనిషి నిద్రపోయే టైముకి మాకు తెల్లారేది. అయినా నా పాత టీమ్‌లో డౌట్ వస్తే రాత్రి కాల్‌కి కూర్చున్నవాళ్లే అందరూ. ఆవిడలాంటి మనిషి ఒక్కరు పక్కనుంటే మావాళ్లు ఇంకెంత బాగా చేసేవాళ్లో అనిపిస్తుంది, బాధేస్తుంది కూడా.

కొత్తవాళ్లకి ఇంకొకటి. 'దెన్'లో, అంటే షరతు కుదిరాక చేసే పనిలో, డేటాని మార్చే మోడిఫై వాడితే ఇంజిన్ షరతుల్ని మళ్లీ చూస్తుంది, కాబట్టి తన షరతుని తనే మళ్లీ నిజం చేసుకునే రూల్ ఆగకుండా తిరుగుతుంది. రూల్‌కి పెట్టే నో-లూప్ సెట్టింగ్ ఆ ఒక్కదాన్నే ఆపుతుంది, రెండు రూల్స్ ఒకదాన్నొకటి లేపుకుంటుంటే ఆపలేదు. ఇచ్చిన డేటాని గుర్తుంచుకునే స్టేట్‌ఫుల్ సెషన్ అయితే పని అవగానే డిస్పోజ్ చేయండి, లేకపోతే మెమరీ అలాగే ఉండిపోతుంది.

ఆవిడ చెప్పిన కేసులన్నిటికీ జేయూనిట్ (జావా కోడ్‌ని పరీక్షించే టూల్) టెస్టులు రాస్తున్నాను. తర్వాతవి రాయితీ రూల్స్, వాటిని ఎక్సెల్ డెసిషన్ టేబుల్‌లో తనే నింపుతానన్నారు.