రాయి, మసి, కాగితం: నాలుగక్షరాల మాటల వెంట చైనాలో

షియాన్ దక్షిణ కోటగోడకు లోపలి పక్కన పేయ్‌లిన్ మ్యూజియం ఉంది. పేయ్‌లిన్ అంటే శాసనాల అడవి. టికెట్ తీసుకుని లోపలికి నడిస్తే ఎదురుగా ఒక మంటపం, దాని నుదుట రెండే అక్షరాల పలక కనిపిస్తాయి. మొదటిది 'శాసనం' అనే అక్షరం. దాని కుడి సగం నెత్తిన ఉండాల్సిన చిన్న వాలుగీత అక్కడ లేదు. పుస్తకంలో చదువుకుని వచ్చినవాళ్ళు అది తప్పనుకుంటారు. తప్పు కాదు, రాతిమీది చేతిరాతలో ఒక గీత తగ్గడం, ఒక గీత పెరగడం మామూలే. 1839లో హుమెన్‌లో నల్లమందును నాశనం చేయించిన అధికారి లిన్ జెషూ ఆ పలక రాశాడని చెబుతారు. నిఘంటువు రూపమొక్కటే సరైనదన్న పట్టుదల ఇక్కడే వదిలేస్తే మిగతా శాసనాలు చదవడం తేలికవుతుంది.

ఈ ప్రయాణం రాతకు సంబంధించిన ఛెంగ్‌యుల కోసం. ఛెంగ్‌యు అంటే ఎక్కువగా నాలుగక్షరాల్లో ఇమిడే నుడికారం. వెనక ఒక కథ ఉంటుంది, వాడుకలో ఆ కథ మాయమై నాలుగక్షరాలే మిగులుతాయి. పట్టికలా బట్టీపడితే వారంలో జారిపోతాయి. వస్తువును చేత్తో తాకితే నిలుస్తాయి.

ఉచ్చారణ గురించి తెలుగువాళ్ళకు ఒక మాట చెప్పాలి. చైనా భాషను రోమన్ అక్షరాల్లో రాసే పద్ధతి పిన్‌యిన్. అందులో 'బి' కనిపిస్తే మన బ పలకకూడదు, అది ప. 'పి' కనిపిస్తే గాలి బయటికి తన్నే ఒత్తు ప, ఫోన్‌లోని ఫ కాదు. అలాగే 'డి' త, 'టి' థ. 'జి' క, 'కె' ఖ. పెదాల ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుని పలికితే ఒత్తున్నదానికి కాగితం ఊగాలి. ఇంకో వరం కూడా మనకుంది. 'జెడ్' అంటే చుక్కలోని చ, 'జె' అంటే చీమలోని చ. ఇంగ్లిష్ మీదుగా నేర్చుకునేవాళ్ళు ఈ రెండింటి దగ్గర చాలా అవస్థ పడతారు. కింద అక్షరాల పక్కనున్న అంకె స్వరాన్ని, అంటే గొంతు ఎత్తుదించే తీరును చెబుతుంది.

మ్యూజియం పక్కనే షూయువాన్‌మెన్ వీధి. కలాలు, కాగితం, సిరా, అచ్చులు అమ్మే దుకాణాలు. పి3 మో4 చి3 యాన్4, అంటే కుంచె, సిరా, కాగితం, సాన: ఈ నాలుగూ కలిసి 'చదువుగదిలోని నాలుగు నిధులు'. సిరా ఇక్కడ కడ్డీగా దొరుకుతుంది. మసిని జంతువుల జిగురుతో కలిపి ఆరబెట్టినది అది. మసి పట్టే పద్ధతి మన కాటుకకు దగ్గర. సాన మీద రెండు మూడు చుక్కల నీళ్ళు వేసి, గంధం తీసినట్టు నిదానంగా గుండ్రంగా అరగదీయాలి. తొందరపడి గట్టిగా రుద్దితే రేణువులు ముతకగా వచ్చి గీత గరుగ్గా పడుతుంది. సానను ఆ రోజే కడగాలి. జిగురు ఎండితే మర్నాటి సిరా పాడవుతుంది.

కొనేటప్పుడు పేర్లు మోసం చేస్తాయి. లాంగ్2 హావ్2 కుంచె పేరులో తోడేలుకు వాడే అక్షరముంది, వెంట్రుకలు మాత్రం ముంగిసను పోలిన వీసెల్ అనే జంతువువి. మేకవెంట్రుకల కుంచె మెత్తన, ఇది బిరుసు; మొదటిసారి పట్టేవాళ్ళకు రెండూ కలిపి కట్టినది మేలు. కొత్త కుంచె మొన జిగురుతో బిగిసి ఉంటుంది, గోరువెచ్చని నీళ్ళలో నాననివ్వాలి. వేడినీళ్ళయితే వెంట్రుకల మొదలు దగ్గరి జిగురు కూడా వదిలి వెంట్రుకలు రాలతాయి. కాగితాన్ని 'తావ్' లెక్కన అడిగితే నూరు కాగితాల కట్ట ఇస్తారు (తావ్ అంటే కత్తి), విడిగా కావాలంటే 'చాంగ్' అనాలి. పేరున్న ష్వెన్ కాగితం అన్‌హుయ్‌లో ఛింగ్‌థాన్ చెట్టు బెరడుతో, వరిగడ్డితో తయారవుతుంది. అందులో పూత వేయని పచ్చి రకం సిరాను పీల్చి అంచులు పాకిస్తుంది. అభ్యాసానికి వెదురుగుజ్జు కాగితం చాలు.

మ్యూజియంలో ఎక్కువసేపు ఆగవలసింది 837లో పూర్తయిన కైచెంగ్ శిలాగ్రంథాల దగ్గర. 114 రాళ్ళు, రెండు వైపులా చెక్కినవి, కన్ఫ్యూషియస్ సంప్రదాయపు పన్నెండు గ్రంథాలు, సుమారు ఆరున్నర లక్షల అక్షరాలు. చేతిరాత ప్రతుల్లో తప్పులు పెరిగిపోతుంటే, సరైన పాఠం ఇదీ అని అందరూ వచ్చి సరిచూసుకోవడానికి నిలబెట్టారు. యి2 చు4 ఛ్యెన్1 చిన్1, 'ఒక్క అక్షరానికి వెయ్యి బంగారు నాణేలు' అన్న మాట ఈ రాళ్ళ ముందు బాగా వంటబడుతుంది. కథ దగ్గరలోనే షియాన్‌యాంగ్‌లో జరిగింది. క్రీ.పూ. మూడో శతాబ్దంలో మంత్రి లూ బువెయ్ తన గ్రంథాన్ని సంత వాకిట వేలాడదీయించి, ఒక్క అక్షరం కలిపినా తీసేసినా బహుమానమన్నాడు. ఇప్పుడు దీన్ని చెక్కినట్టున్న రచనను మెచ్చుకోవడానికి వాడతారు, రచయిత పారితోషికం గురించి కాదు. ఇందులో 'ఒకటి' విడిగా ఒకటో స్వరం, నాలుగో స్వరం ముందు రెండోదవుతుంది. విని నేర్చుకోకపోతే ఇది ఎప్పుడూ తప్పిపోతుంది.

ఒక గదిలో రాతి అచ్చు తీస్తుంటారు. తడిపిన కాగితాన్ని రాతికి అతికించి, గుంటల్లోకి దిగేలా కుంచెతో తట్టి, సగం ఆరాక సిరా మూటతో అద్దుతారు. తడి ఎక్కువుంటే సిరా గుంటల్లోకి పాకి అక్షరం మూసుకుపోతుంది. మరీ ఆరితే కాగితం లేచిపోతుంది. అందుకే అద్దే మనిషి మాటిమాటికి వేలితో కాగితం తడిమి చూస్తుంటాడు. ఈ పని పేరులోని అక్షరాన్ని ఇక్కడ 'థా4' అనాలి. విస్తరించడం అనే అర్థంలో అదే అక్షరం 'థ్వో4'.

ఊరి దక్షిణాన పెద్ద హంసగోపురం. దక్షిణ ద్వారానికి రెండు పక్కలా 653లో ఛూ సుయ్‌లియాంగ్ రాసిన రెండు శాసనాలున్నాయి. ఒకటి కుడి నుంచి ఎడమకు, రెండోది ఎడమ నుంచి కుడికి సాగుతుంది, ద్వారానికి అద్దం పట్టినట్టు. మొదటి వరస ఎటుందో తేల్చుకోకుండా చదవడం మొదలుపెడితే ఒక్క వాక్యమూ కుదరదు. ఈ గోపురం షువాన్‌జాంగ్ తెచ్చిన గ్రంథాల కోసం కట్టింది. మనం హ్యూయన్ త్సాంగ్ అని చదువుకున్నది ఆయన్నే, ధాన్యకటకం చూసి రాసినదీ ఆయనే. రాజోద్యోగాల పెద్ద పరీక్ష నెగ్గినవాళ్ళు ఇక్కడ పేర్లు రాసేవారు, అందుకే యాన్4 థా3 థి2 మింగ్2, 'హంసగోపురం మీద పేరు'. రెండు థలూ ఒత్తి పలకాలి.

లువోయాంగ్‌కు వేగపు రైల్లో రెండు గంటల లోపే. అక్కడ లుంగ్‌మెన్ గుహల్లో ఉత్తర వెయ్ రాజవంశ కాలపు ఇరవై శాసనాలకు పెద్ద పేరు. పంతొమ్మిది ఒక్క గుయాంగ్ గుహలోనే ఉన్నాయి. చాలావరకు ఎత్తులో ఉంటాయి, కింది నుంచి కళ్ళకు ఆనవు. ఊరు ఇచ్చిన ఛెంగ్‌యు ల్వో4 యాంగ్2 చి3 క్వెయ్4, 'లువోయాంగ్‌లో కాగితం ప్రియం'. జ్వో సి అనే కవి పదేళ్ళు రాసిన కావ్యాన్ని నకలు తీసుకోవడానికి జనం ఎగబడితే కాగితం ధర పెరిగిందట. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయినప్పుడు వాడాలి, కాగితం నిజంగానే ప్రియమైనప్పుడు కాదు.

చివరికి షావోషింగ్, ఊరికి నైరుతిన లాన్‌తింగ్. 353లో మూడో నెల మూడో రోజున చేతిరాతకు పేరుపడ్డ వాంగ్ షీజీ, ఆయన మిత్రులు వంకర వాగు పక్కన కూర్చుని నీళ్ళ మీద గిన్నెలు వదిలారు. గిన్నె ఎవరి ముందు ఆగితే వాళ్ళు కవిత చెప్పాలి, చెప్పలేకపోతే తాగాలి. ఛ్యూ1 ష్వెయ్3 ల్యూ2 షాంగ్1, 'వంపుల నీట తేలే గిన్నె'. చెరువు గట్టున రాతి మీద 'హంసల చెరువు' అని ఉంటుంది. దానిలోని బాతుహంస అక్షరంలో పైన 'నేను', కింద 'పక్షి'. 'నేను' అర్థానికి కాదు, ధ్వనికి, 'పక్షి' అర్థానికి. చైనా అక్షరాల్లో ఎక్కువ భాగం ఈ జంటపద్ధతిలోవే.

రు4 ము4 సాన్1 ఫెన్1, 'చెక్కలోకి మూడు ఫెన్‌లు' అన్నది కూడా వాంగ్ షీజీ మీదదే (ఫెన్ ఒక పాత కొలత). ఆయన రాసిన పలకను చెక్కవాడు తోపడం పడితే సిరా మూడు ఫెన్‌ల లోతున కనిపించిందట, నేటి లెక్కన సుమారు ఏడు మిల్లీమీటర్లు. ఇవాళ దీన్ని చేతిరాతకంటే లోతైన విశ్లేషణకే ఎక్కువగా వాడతారు. ఇంకొకటి, మో4 షౌ3 ఛెంగ్2 క్వెయ్1: పాత పద్ధతినే పట్టుకు వేలాడటం. మొదటి అక్షరం చూసి సిరా అనుకోవద్దు, అది మోజి అనే తాత్వికుడి పేరు.

లాన్‌తింగ్‌లో ఆ రోజు చెప్పిన కవితలకు వాంగ్ షీజీ రాసిన పీఠికలో 28 వరసలు, 324 అక్షరాలు. అసలు ప్రతి దొరకలేదు, ఉన్నవి నకళ్ళు. అందులో పొట్టి అక్షరం 'చి1' ఇరవై సార్లు వస్తుంది, ప్రతిసారీ వేరే వంపుతో. పాత భాషలో అది మన షష్ఠీ విభక్తి 'యొక్క' లాంటిది, ఛెంగ్‌యుల్లో అడుగడుగునా తగులుతుంది. నీళ్ళతో రాసే గుడ్డ ఒకటి కొనుక్కుంటే గదిలోనే ఆ ఇరవై వంపులూ సాధన చేయొచ్చు; కొద్ది నిమిషాల్లో ఆరిపోతుంది, సిరా అక్కర్లేదు, మడిచి సంచిలో పెట్టుకోవచ్చు.