శ్రీతాళం ఆకు మీద నా పేరు

శ్రీలంకలో క్యాండీ నుంచి మాతలే దాటి మూడు కిలోమీటర్లు వెళ్తే అలువిహార వస్తుంది. పెద్ద పెద్ద బండల మధ్య గుహాలయాలు. అప్పటిదాకా భిక్షువులు కంఠస్థంగా కాపాడుకొచ్చిన బౌద్ధుల పవిత్ర గ్రంథం త్రిపిటకాన్ని క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దంలో, వలగంబా రాజు కాలంలో, మొదటిసారి రాసి పెట్టింది ఇక్కడేనట. కరువులూ యుద్ధాలూ వచ్చి, నోటికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే పోతుంటే రాయక తప్పలేదు. అందరూ గుహలు చూడ్డానికి వస్తారు. నేను వచ్చింది వాళ్లు రాసిన ఆకు కోసం.

అది శ్రీతాళం ఆకు. సింహళంలో ఆ చెట్టును 'తల' అంటారు. ముందురోజు క్యాండీ దగ్గరి పేరాదెనియ వృక్షోద్యానంలో దాని కింద నిలబడి చాలాసేపు తలెత్తి చూశాను. మన తాటిచెట్టుకు పెద్దన్నలా ఉంది. ఒక్కో ఆకు 5 మీటర్ల వెడల్పు దాకా విచ్చుకుంటుంది. 1660 నుంచి దాదాపు 20 ఏళ్లు ఇక్కడ బందీగా ఉన్న రాబర్ట్ నాక్స్ అనే ఇంగ్లిష్ నావికుడు, ఒక్క ఆకు 15, 20 మందిని వానకు తడవకుండా కాపాడుతుందని, మడిస్తే మాత్రం మనిషి చెయ్యంత లావే ఉంటుందని రాశాడు. గొడుగు, గుడారం, ఇంటి కప్పు, అన్నీ ఆ ఆకే. ఇంత చెట్టూ పూసేది జన్మలో ఒక్కసారి, ముప్పై నుంచి ఎనభై ఏళ్ల మధ్య ఎప్పుడో. దాచుకున్న బలమంతా నెత్తిమీద లక్షల పూలుగా పెట్టేసి, కాయలు పండాక ఎండిపోతుంది. ఆ మాట విన్నాక గుండె బరువెక్కింది.

అలువిహారలో ఒక పెద్దాయన నా చేతికి ఒక కమ్మ ఇచ్చారు. తాటాకంత మందం లేదు, పెళుసు లేదు, మెత్తగా వంగుతోంది. విచ్చుకోని లేత ఆకు కోసి, ఈనెలు తీసి, చుట్టలు చుట్టి ఉడకబెట్టి, ఆరబెట్టి, నున్నటి పోకమాను మీద అటూ ఇటూ లాగి సాపు చేస్తారట. మా డ్రైవర్ తమిళంలో చెబుతుంటే నాకు సగం అర్థమైంది, మిగతాది పెద్దాయన చేతులు చెప్పాయి.

కమ్మ ఎడమచేతిలో పట్టుకుని, బొటనవేలి ఆసరాతో గంటం, అంటే ఆకు మీద గీసి రాసే మొనదేలిన ఇనుప కలం, కదిపారు. సన్నటి కరకర చప్పుడు. నా పేరు రాశానన్నారు. చూస్తే ఏమీ లేదు, ఖాళీ ఆకు! వెలుగుకు వంచితే గీతలు లీలగా కనబడ్డాయి. అప్పుడాయన గుడ్డతో నల్లటి నూనె మసి రుద్ది, పిండి చల్లి తుడిచారు. ఒక్కసారిగా గుండ్రటి సింహళ అక్షరాలు పైకి తేలాయి, అచ్చం మన అక్షరాలకు చుట్టాల్లా.

నాకు ఒళ్లు జలదరించింది. మా తాతగారి ఇంట్లో అటక మీద ఒక తాళపత్రాల కట్ట ఉంది. చిన్నప్పుడు విప్పి చూసి, అక్షరాలన్నీ చెరిగిపోయాయి, ఇక పనికిరాదనుకున్నాం. చెరిగింది మసి మాత్రమేనేమో, గంటం గీత అలాగే ఉందేమో!

1848 తిరుగుబాటులో బ్రిటిష్ వాళ్లు ఇక్కడి పాత గ్రంథాలను నాశనం చేశారు. ఆ సంగతి డ్రైవర్ చెబుతుంటే పెద్దాయన తల వంచుకుని ఇంకో కమ్మ తీసుకున్నారు.

మెట్లు దిగుతూనే అమ్మకు ఫోన్ చేశాను. "అమ్మా, అటక మీద కట్ట ఎవరికీ ఇవ్వకు, తడిగుడ్డతో తుడవకు. నేనొచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దు."