నాన్న గొంతును నాన్న ఫోన్‌లోకి ఎక్కించడానికి పడ్డ పాట్లు

నిన్నటితో పని అయింది. మా నాన్న పాడిన పద్యాలు ఇప్పుడు ఆయన ఫోన్‌లోనే వినిపిస్తున్నాయి. కోపం మాత్రం చల్లారలేదు. అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను. పిల్లలు ఇలాంటి ఫోన్లు కొనిచ్చిన పెద్దవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, వాళ్ల ఇళ్లలో ఎవరికైనా పనికొస్తుంది.

మాది పర్లాకిమిడి. 80ల్లో నాన్న ఇక్కడా, పక్కనే పాతపట్నంలోనూ, గుణుపురం రైలు లైను పొడుగునా ఉన్న ఊళ్లలోనూ పద్య నాటకాలు ఆడేవారు. ఒడిశాలో ఉన్నా తెలుగు పద్యం వినడానికి జనం తెల్లవార్లూ కూర్చునే రోజులవి. ఆ నాటకాలు రికార్డు చేసిన క్యాసెట్లు మా ఇంట్లో ఉన్నాయి. టేప్ రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కి వైరు కలిపి, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసి, ఎంపీత్రీలుగా మార్చింది నేనే. రీలు సాగిపోయిన చోట వేగం సరిచేశాను. వెనక హోరు తగ్గించాను, హార్మోనియం మాత్రం తగ్గకుండా చూసుకున్నాను. ఈ పని ఇంత శ్రద్ధగా చేసినవాళ్లు మా జిల్లాలో ఇంకొకరు ఉంటారని అనుకోను. 128 కేబీపీఎస్ నాణ్యతలో పాట నిమిషానికి దాదాపు 1 ఎంబీ పడుతుంది. అన్నీ ఒక్క మెమరీ కార్డులో పట్టేశాయి. పాత ఫోన్‌లో ఆ కార్డు వేసుకుని నాన్న హాయిగా వినేవారు.

తమ్ముడు బెంగళూరు నుంచి ఖరీదైన ఫోన్ తెచ్చి నాన్నకిచ్చాడు. కంపెనీ పేరు రాయను. నంబర్లు, ఫొటోలు, వాట్సాప్ ఇట్టే మారిపోయాయి.

చిక్కంతా పాటల దగ్గరే వచ్చింది. ఆ ఫోన్‌కి మెమరీ కార్డు పెట్టే చోటే లేదు. పాత ఫోన్ నుంచి బ్లూటూత్‌లో పాట పంపితే తీసుకోదు. వాట్సాప్‌లో పంపితే వినిపిస్తుంది గానీ, పాటల యాప్‌లోకి చేరదు. ఆ యాప్ తెరిస్తే నెలనెలా డబ్బు కట్టమని అడుగుతుంది. "ఏట్రా, నా గొంతు నేను వినడానికి వీళ్లకి కిస్తీ కట్టాలా?" అన్నారు నాన్న. కంపెనీవాళ్ల సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ నుంచి మాత్రమే సొంత పాటలు ఆ యాప్‌లోకి ఎక్కుతాయట. తమ్ముడు తన ల్యాప్‌టాప్ నుంచి కొన్ని ఎక్కించి సెలవు అయిపోయి వెళ్లిపోయాడు.

మిగతావాటి కోసం నాన్నను తీసుకుని బరంపురం వెళ్లాను. అక్కడొక పెద్ద సర్వీస్ షాపు ఉంది. టోకెన్ ఇచ్చారు. చాలాసేపు కూర్చోబెట్టారు. కౌంటర్లో కుర్రాడు హిందీలో అడిగిన మొదటి ప్రశ్న, "ఈ పాటలు ఎక్కడ కొన్నారు? బిల్లుందా?" అని. కొనలేదు, మా నాన్నగారు పాడినవి అని చెప్పాను. అతను పక్కవాడి వైపు చూసి నవ్వాడు. "అంకుల్, అందరూ ఇలాగే చెప్తారు. పైరసీ పాటలు మేం ఎక్కించం" అని గట్టిగానే అన్నాడు. వరసలో ఉన్నవాళ్లంతా మావైపు తిరిగారు. నాన్నకు హిందీ బాగా వచ్చు. ఆయన తల దించుకున్నారు. వేల మంది ముందు రాగం తీసిన మనిషి చేయని దొంగతనానికి తల దించుకోవడం నేను చూడాల్సి వచ్చింది.

పాత ఫోన్‌లో ఒక పద్యం పెట్టి వినిపించాను. పూర్తిగా వినకుండానే "ఏదో పాత సినిమా పాట" అన్నాడు. మేనేజర్‌ని పిలవమని నేను గొడవ పెట్టుకున్నాక, విసుగ్గా ఫోన్ లాక్కుని వాళ్ల కంప్యూటర్‌కి తగిలించాడు. తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది. ఈ ఫోన్ వేరే కంప్యూటర్లోని పాటల లైబ్రరీతో జతైంది, ఉన్నవి చెరిపేసి ఇక్కడివి ఎక్కించమంటారా అని దాని సారాంశం. నేను ఆగమనేలోపే నొక్కేశాడు. తమ్ముడు ఎక్కించినవి కూడా పోయాయి. వాళ్ల కంప్యూటర్లో పాటలే లేవు కాబట్టి కొత్తగా వచ్చిందీ ఏమీ లేదు. "క్లౌడ్‌లో ఉంటాయి" అన్నాడు. లేవు. మేనేజర్ వచ్చి గోడ మీద బోర్డు చూపించాడు. డేటా బాధ్యత కస్టమర్‌దేనట.

ఆ కుర్రాడికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 1994 సవరణతో పాడేవాళ్లకు, ఆడేవాళ్లకు తమ ప్రదర్శన మీద హక్కు వచ్చింది. అది ప్రదర్శన ఇచ్చిన మరుసటి ఏడాది మొదలు 50 ఏళ్లు ఉంటుంది. అంటే చట్టం హక్కు ఇచ్చేది పాడినవాళ్లకే, ఇక్కడ పాడింది ఎదురుగా కూర్చున్న మా నాన్న. బిల్లు అడగాల్సి వస్తే ఆయనే అడగాలి.

ఈ తాళాల గోల కొత్తదేం కాదు. 2003లో మొదలైన ఐట్యూన్స్ దుకాణంలో కొన్న పాటలకు కూడా తాళం ఉండేది, అంటే కంపెనీ ఒప్పుకున్న చోట తప్ప అవి మోగేవి కావు. పాటల కంపెనీలు ఒప్పుకుంటే తాళాలు తీసేస్తామని 2007లో ఆ దుకాణం నడిపే కంపెనీ అధిపతి స్టీవ్ జాబ్స్ బహిరంగంగా రాశారు. 2009కల్లా కొన్న పాటలకు తాళం పోయింది. తర్వాత నెలచందా యాప్‌లు వచ్చి, డౌన్‌లోడ్ అనే పేరుతోనే మళ్లీ తాళం వేశాయి. చందా ఆపితే ఆ పాటలు మోగవు. యాప్ మూతపడితే వాటితోపాటే పోతాయి. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడింది, వింక్ 2024లో. క్యాసెట్లు మాత్రం మా బీరువాలోనే ఉన్నాయి.

చివరికి దారి చూపించింది పాతపట్నంలో చిన్న జిరాక్స్ షాపు నడిపే కుర్రాడు. ఫోన్‌లో వీఎల్‌సీ అనే ఉచిత యాప్ వేశాడు. అందులో వైఫై షేరింగ్ ఆన్ చేస్తే ఒక అడ్రస్ కనిపిస్తుంది. అదే వైఫైలో ఉన్న కంప్యూటర్ బ్రౌజర్‌లో ఆ అడ్రస్ కొట్టి, ఫైళ్లు అందులో వేస్తే ఫోన్‌లోకి వచ్చేస్తాయి. వైరు అక్కర్లేదు, చెరిపేయడాలూ లేవు. వరసగా మోగుతాయి, తెర ఆరిపోయినా ఆగవు. ఫైళ్ల పేర్ల ముందు 01, 02 అని పెట్టుకోండి, లేకపోతే రాయబారం అయ్యాక ప్రార్థన వస్తుంది. ఆ యాప్ తీసేస్తే పాటలూ పోతాయి, కాబట్టి ఇంట్లో పిల్లల చేతికి ఫోన్ ఇచ్చేముందు చెప్పండి. అతను డబ్బు తీసుకోనన్నాడు. నేనే బలవంతంగా జేబులో పెట్టాను.

పెద్ద షాపుకి వెళ్లక తప్పకపోతే, వైరు తగిలించే ముందే "ఏదీ చెరపము" అని కాగితం మీద రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి. మెమరీ కార్డు వాళ్ల చేతికి ఇవ్వొద్దు. నేను ఇవ్వలేదు కాబట్టే ఈ రోజు పద్యాలు మిగిలాయి.

రింగ్‌టోన్ ఒక్కటి మిగిలింది. తన పద్యమే మోగాలని నాన్న కోరిక. ఆ ఫోన్‌లో దానికి పద్యాన్ని 30 సెకన్లలోపు కత్తిరించాలట. నాన్న రాగం అంతలో అందుకోరు. దసరాకి తమ్ముడు వస్తాడు, ఎక్కడ కత్తిరించాలో వాళ్లిద్దరూ కూర్చుని తేల్చుకుంటారు.