పక్క షాపు లేని ఊళ్లో

"ఒకేసారి మూడు మార్చారు. ఇప్పుడు ఇది లేచినా, దేనివల్ల లేచిందో మీరు చెప్పలేరు."

మా సీనియర్ గొంతు కొంచెం కూడా పెంచకుండా అన్న మాట ఇది. 2021 ఫిబ్రవరి. స్టట్‌గార్ట్‌లో మాది యంత్ర భాగాల డ్రాయింగులు వేసే చిన్న కంపెనీ. లాక్‌డౌన్ కాబట్టి అందరూ ఇళ్ల నుంచే పని చేస్తున్నారు, కంప్యూటర్లు చూసుకునే మేమిద్దరమే ఆఫీసుకు వస్తున్నాం. డ్రాయింగువాళ్లకి రెండు కొత్త సిస్టమ్‌లు బిగించి పంపాలి. మొదటిది నా బల్ల మీద విప్పి ఉంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే రావట్లేదు. పొద్దున్నుంచీ ర్యామ్ మార్చాను, గ్రాఫిక్స్ కార్డు మార్చాను, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బా కూడా మార్చాను. ఇక మదర్‌బోర్డే పోయిందని కాగితం రాసి, వెనక్కి పంపడానికి డబ్బాలో పెడుతుంటే ఆయన వచ్చాడు. ముందు ఏమేం మార్చారని అడిగాడు, చెప్పాను. తర్వాత మాన్యువల్ చదివారా అని అడిగాడు.

చదవలేదు.

అరిస్తే బాగుండేదని ఆ రోజంతా అనిపించింది. సికింద్రాబాద్ సీటీసీలో నేను 2004 నుంచి 7 ఏళ్లు సిస్టమ్‌లు బిగించాను. అది కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే ఎవరికీ తెలియదు, సీటీసీ అంటే ఆటోవాళ్లకి కూడా తెలుసు. అక్కడ మా షాపు అన్న తిట్టాడంటే పార్క్‌లేన్ దాకా వినపడేది. అరగంటకి చాయ్ వచ్చేది, ఇద్దరం తాగేవాళ్లం, ఆ తిట్టు అక్కడితో అయిపోయేది. ఇక్కడ తిట్టూ లేదు, చాయ్ లేదు. ఒక్క వాక్యం అని తన బల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. ఆ వాక్యం నాతో పాటు ట్రామ్ ఎక్కింది, నాతో పాటు ఇంటికొచ్చింది.

బోర్డు పోలేదు. విషయం ఏమిటంటే, మా దగ్గర ఉన్నవి 2019లో స్పేర్‌గా కొని, సీలు కూడా తియ్యకుండా దాచిన బీ450 రకం బోర్డులు. పెట్టింది రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్, 2020 నవంబర్‌లో వచ్చింది. రెండిటిదీ ఏఎం4 అనే ఒకే రకం సాకెట్టే. అవే 1331 పిన్నులు, చక్కగా కూర్చుంటుంది, లివర్ కిందకి దిగుతుంది. కానీ బోర్డులో ఉన్న బయోస్, అంటే పవర్ ఇవ్వగానే భాగాల్ని గుర్తుపట్టి సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్, ఆ ప్రాసెసర్ పుట్టకముందు రాసింది. కరెంటు అందుతుంది, ఫ్యాన్లు తిరుగుతాయి, వచ్చిందెవరో బోర్డు గుర్తుపట్టదు. అక్కడే ఆగిపోతుంది.

ఈ బోర్డుల మీద కొత్త రైజెన్‌లు నడవవని 2020 మే నెలలో వాటిని తయారుచేసే ఏఎండీ కంపెనీయే మొదట చెప్పింది. కొన్నవాళ్లు గొడవ చేస్తే మాట మార్చుకుని, నడిచేలా బయోస్ ఇస్తామంది. చాలా బోర్డుల్లో బయోస్ చిప్ 16 మెగాబైట్లే. అన్ని తరాల ప్రాసెసర్ల వివరాలూ అందులో పట్టక, కొందరు తయారీదారులు పాతవాటిని తీసేసి కొత్తవాటికి చోటిచ్చారు. అప్పటికి ఆ బయోస్‌లు బీటాగా, అంటే ఇంకా పరీక్షలో ఉన్నవిగా, వచ్చి కొద్ది నెలలే అయింది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆయనకి ముందే తెలుసు.

బోర్డు అంచున నాలుగు చిన్న లైట్లు ఉంటాయి: ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, బూట్. ప్రాసెసర్ లైటు వెలిగే ఉంది. నేను చూడలేదని కాదు, చూశాను. కానీ నా చెవులు, తప్పెక్కడుందో చెప్పే బీప్ కోసం ఎదురుచూశాయి. ఒక పొడుగు, రెండు పొట్టి వస్తే కార్డు చూడు. ఆగకుండా పొడుగు బీప్‌లు వస్తుంటే ర్యామ్ తీసి, కాళ్లని నటరాజ్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టు. బీపే రాకపోతే ఒక్కొక్కటీ మార్చి చూడు. నాకు వచ్చిన చదువు అది.

ఆయన మాన్యువల్‌లో ఒక పేజీ తీసి నా ముందు పెట్టాడు. ఆ బోర్డు వెనక ఒక బటన్ ఉంది. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసి, కొత్త బయోస్ ఫైలు పేరు మాన్యువల్ చెప్పినట్టు మార్చి, గుర్తు పెట్టిన యూఎస్‌బీ పోర్టులోనే పెట్టి ఆ బటన్ నొక్కాలి. ఎస్‌ఎంపీఎస్ తగిలించి ఉంటే చాలు, ప్రాసెసర్ నడవాల్సిన పని కూడా లేదు. లైటు కొన్ని నిమిషాలు మిణుకు మిణుకుమని ఆగింది. పవర్ ఇస్తే డిస్‌ప్లే వచ్చింది.

ఇక్కడ నా వైపు మాట కూడా చెప్పుకోవాలి. మాన్యువల్ చదవడం మనకి రాదని కాదు. సీటీసీలో మాన్యువల్ మా చేతిలో ఉండేదే కాదు. బోర్డు డబ్బా, సీడీ, మాన్యువల్ అన్నీ కస్టమర్‌వి. వారంటీకి కావాలని మొత్తం కట్టించుకుని వెళ్లేవాడు. మెదక్ నుంచో మహబూబ్‌నగర్ నుంచో పొద్దున బస్సుకొచ్చిన మనిషి స్టూలు మీద కూర్చుని మన చేతుల వంకే చూస్తుంటాడు, సాయంత్రం బస్సుకి సిస్టమ్ తీసుకుని పోవాలి. 60 పేజీలు ఎప్పుడు చదవాలి? అప్పట్లో కొత్తగా వచ్చిన 775 సాకెట్ బోర్డుల్లో పిన్నులు ప్రాసెసర్‌కి కాకుండా సాకెట్‌లోనే ఉండేవి. ఒక్కటి వంగితే బోర్డు డబ్బులు మన జీతంలోంచే. వంగిన పిన్నుని సూదితో నిలబెట్టడం అన్న చెయ్యి పట్టి నేర్పాడు. డీడీఆర్ ర్యామ్‌కీ, తర్వాతి రకం డీడీఆర్ టూకీ గాటు వేరే చోట ఉంటుందని, చూడకుండా నొక్కితే స్లాటే విరుగుతుందని నేర్పాడు. ఫ్యాన్ తిరిగి డిస్‌ప్లే రాకపోతే, ముందు ప్రాసెసర్ పక్కనున్న నాలుగు పిన్నుల పవర్ పెట్టావా లేదా చూసుకోమని నేర్పాడు. ఇవేవీ నేను కాగితంలో చదవలేదు, ఇప్పటికీ మర్చిపోలేదు.

అన్నిటికంటే ముఖ్యం పక్క షాపు. నా దగ్గరున్న ర్యామ్ మంచిదో కాదో తెలియాలంటే మంచిదని తెలిసిన ర్యామ్ ఇంకొకటి కావాలి. గుమ్మం దగ్గర నిలబడి, "అన్నా, జర ఓ డీడీఆర్ టూ ఇయ్యి, చెకింగ్‌కి" అంటే చాలు. చేతిలో పెట్టేవాడు. పేరు రాసుకోడు, టైము రాసుకోడు. వాళ్లకి ఎస్‌ఎంపీఎస్ కావాలంటే మా దాంట్లోంచి ఊడదీసి ఇచ్చేవాళ్లం. ఆ వరండా మొత్తం ఒకటే స్పేర్ల అల్మారా. మార్చి చూసే పద్ధతి అక్కడ తెలివితక్కువది కాదు, అన్నిటికంటే తొందరగా అయ్యే పని అదే. అలా ఇచ్చిన 512 ఎంబీ ర్యామ్ ఒకటి మాకు తిరిగి రాలేదు, దానికోసం అన్న ఒక దీపావళి దాకా పక్కాయనతో మాట్లాడలేదు. అది కూడా నిజమే. ఆ తర్వాత మళ్లీ ఇచ్చాడు.

మా ఆవిడ ఉద్యోగం మీద 2016లో ఇక్కడికి వచ్చాం. ఇక్కడ ఆదివారం దుకాణాలు తెరవరు, ఆ ఫిబ్రవరిలో లాక్‌డౌన్ వల్ల కంప్యూటర్ దుకాణాలు ఏ రోజూ తెరవలేదు. మామూలు మనిషి ఆన్‌లైన్‌లో కొంటే 14 రోజుల్లో వెనక్కి పంపే హక్కుంది. కంపెనీ పేరు మీద కొన్నదానికి ఆ హక్కు లేదు. మార్చి చూద్దామంటే దేనితో మార్చాలి? మాన్యువల్ పట్టుకుని ఒంటరిగా కూర్చోవాలి, ఒకసారికి ఒక్కటే మార్చి రాసుకోవాలి. మా సీనియర్ పద్ధతి ఒంటరి మనిషి పద్ధతి. నేను నేర్చుకున్నది నలుగురు ఉన్నచోట నడిచే పద్ధతి. ఆయనది తప్పని అనను. నాకు నేర్పినవాళ్లది తప్పంటే మాత్రం ఒప్పుకోలేను.

రెండో సిస్టమ్ దగ్గర ఇది ఇంకా బాగా తెలిసొచ్చింది. అది వేరే కంపెనీ బోర్డు. ఈసారి మాన్యువల్ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. వెనక బటన్ లేదు. బయోస్ మార్చాలంటే ముందు బోర్డు లేవాలి, లేవాలంటే దానికి తెలిసిన పాత ప్రాసెసర్ కావాలి. సాయంత్రం 5 గంటలకి, అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, అన్నకి ఫోన్ చేశాను. ఇప్పుడు సీసీ కెమెరాల పని కూడా చేస్తున్నాడు. నేను చెప్పడం పూర్తి కాకముందే అందుకున్నాడు.

"బోర్డు మంచిగనే ఉంటది తమ్మీ. ఓ పాత ప్రాసెసర్ పెట్టి లేపు, బయోస్ కొట్టు, తీసెయ్. పది నిమిషాల పని. పక్క షాపుల అడుగు."

పక్క షాపు లేదన్నా అన్నాను. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

ఈ చిక్కు కొత్తది కూడా కాదు. 2018లో రైజెన్ 2200జీ, 2400జీ వచ్చినప్పుడు పాత బోర్డులతో ఇదే ఇబ్బంది వస్తే, ఏఎండీయే బూట్ కిట్ అని పేరు పెట్టి ఏ6-9500 ప్రాసెసర్లు కస్టమర్లకి అరువిచ్చింది, పని అయ్యాక తిరిగి పంపమంది. అది చదివినప్పుడు నాకు సీటీసీ వరండానే గుర్తొచ్చింది. అంత పెద్ద కంపెనీకి కూడా చివరికి ప్రాసెసర్ చేతికిచ్చి పంపడం తప్పలేదు.

మర్నాడు శుక్రవారం, పాత ప్రాసెసర్ లేక ఆగిపోయానని సీనియర్‌తో చెప్పాను. మాన్యువల్‌లో ఏ పేజీ చూశానో కూడా చెప్పాను. తలూపాడు, ఇంకేమీ అనలేదు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్లి గంటన్నర తర్వాత వచ్చాడు. చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో రైజెన్ 5 2600. వాళ్ల అబ్బాయి సిస్టమ్‌లోది. కూలర్‌తో పాటు పిన్నులు పీక్కుని రాకుండా, ముందు సిస్టమ్ కాసేపు నడిపి, రెండిటి మధ్య పూసిన పేస్టు వేడెక్కాక మెల్లగా తిప్పి తీశాడట. బయటికెళ్లే వీలు లేని ఆ రోజుల్లో వారాంతం రెండు రోజులూ ఆ పిల్లాడికి కంప్యూటర్ లేదు. అడగకుండానే తెచ్చాడు.

డబ్బాతో పాటు ఒక కాగితం కూడా పెట్టాడు. లైషైన్ అంటారు, అరువు చీటీ. ప్రాసెసర్ పేరు, పిన్నులు ఇద్దరం చూశాం, అన్నీ నిటారుగా ఉన్నాయి, తేదీ, సంతకం. సంతకం పెట్టేటప్పుడు చెవులు వేడెక్కాయి. ఇంత పెద్ద మనసు చేసుకుని తెచ్చినవాడు నన్ను నమ్మలేడా? తర్వాత చూస్తే, పైన తన సంతకం ముందే పెట్టి ఉంది, ఇచ్చినప్పుడు పిన్నులు సరిగ్గా ఉన్నాయని. చెడిపోయినదాన్ని ఇచ్చాడని రేపు నేను అనకూడదు, నేను చెడగొట్టానని ఆయన అనకూడదు. తిరిగి రాని మా 512 ఎంబీ ర్యామ్ గుర్తొచ్చింది. అయినా ఆ చీటీ ఇప్పటికీ నాకు పూర్తిగా మింగుడుపడలేదు. మనవైపు అంత దగ్గరి సాయానికి కాగితం అడిగితే సాయం తీసుకున్నవాడి మొహం ఎలా ఉంటుందో మీకు తెలుసు.

శని, ఆదివారాలు ఆఫీసు తాళం. సోమవారం పొద్దున 7 గంటలకే వెళ్లి 2600 పెట్టాను. మొదటిసారికే డిస్‌ప్లే వచ్చింది. బయోస్ మార్చి, పాతది తీసి, 5800ఎక్స్ పెట్టి, ర్యామ్‌లు ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో, నాలుగో స్లాటులో పెట్టాను. లేచింది. చేసిన ప్రతి పనీ వరసగా కాగితం మీద రాశాను, ఒకసారికి ఒక్కటి.

ఆదివారం అన్నకి జరిగిందంతా చెప్పినప్పుడు, పిల్లాడి సిస్టమ్ విప్పాడన్న దగ్గర ఆపి, "మరి చాయ్ తాగించినవా?" అని అడిగాడు. అందుకే సోమవారం మా ఆవిడ ఫ్లాస్కులో అల్లం చాయ్ పోసిచ్చింది. తొమ్మిదింటికి సీనియర్ వచ్చాక డబ్బా, చీటీ, చాయ్ మూడూ ఆయన బల్ల మీద పెట్టాను. నిలబడే తాగాడు. అడగకుండా రెండో కప్పు తనే పోసుకున్నాడు. కప్పు కింద పెట్టి, ప్రాసెసర్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, పిన్నులన్నీ ఒక్కో వరసా చూశాడు.