డబ్ల్యూడీఎం-2 మోడల్: వంపులో మాత్రమే వచ్చే షార్టు దొరికింది

కావలిలో మా మేడ మీద గదిలో బిట్రగుంట రైల్వే యార్డు నమూనాను హెచ్ఓ స్కేలులో, అంటే 1:87లో కడుతున్నాను. దాని మీద తిరిగే డబ్ల్యూడీఎం-2 అనే పాత డీజిల్ ఇంజన్ మోడల్ తిన్నటి పట్టాల మీద చక్కగా పోతోంది. వంపులోకి తిరగగానే, పట్టాలకు కరెంటిచ్చే కంట్రోలర్ ట్రిప్ అవుతోంది. ఈ వారం పనంతా దాని మీదే.

ముందు కంట్రోలర్‌ను కాపాడుకోవాలి. పట్టాలకు వెళ్లే రెండు వైర్లలో ఒకదాన్ని తెంచి, మధ్యలో 12 వోల్టుల, 21 వాట్ల ఇండికేటర్ బల్బు కలిపాను. బైకు మెకానిక్ దగ్గర దొరుకుతుంది. ఇంజన్ మామూలుగా నడిచేటప్పుడు బల్బు దాదాపు వెలగదు. షార్టయితే భగ్గుమని వెలుగుతుంది, కరెంటు మాత్రం 1.75 ఆంపియర్ల దగ్గరే ఆగిపోతుంది. సన్న వైర్లు మాడిపోతాయన్న టెన్షన్ ఉండదు, ఇంజన్ ఏ మూల తిరిగినప్పుడు తగులుతోందో తీరిగ్గా చూసుకోవచ్చు. ఈ హాబీలో ఉన్న ప్రతి ఒక్కరూ పెట్టుకోవాల్సిన బల్బు ఇది.

మంగళవారం రాత్రి పై తొడుగు తీసి మల్టీమీటర్ పట్టాను. ఇక్కడ బజర్‌ను నమ్ముకోకూడదు. మోటారు చుట్ట రెసిస్టెన్స్ తక్కువ కాబట్టి, షార్టు లేకపోయినా కొన్ని మీటర్లు బీప్ కొడతాయి. 200 ఓముల రేంజిలో పెట్టి అంకె చదవాలి. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య 22 ఓములు చూపించింది. అది మోటారుదే. నిజంగా షార్టయితే ఒక ఓము కూడా రాదు.

తర్వాత మోటారు వైర్లు రెండూ టంకం కరిగించి ఊడదీశాను. అవి ఉంటే మోటారు గుండా దారి దొరికి ప్రతి కొలతా తికమక పెడుతుంది. ఈ మోడల్‌లో ఇనప బరువులాంటి ఛాసిస్ ఎడమ పట్టాకీ కుడి పట్టాకీ దేనికీ తగలకూడదు. ఎడమ చక్రాలకూ ఛాసిస్‌కూ మధ్య మీటరు అంకె చూపలేదు, అంటే తగలడం లేదు. కుడి వైపు 0.4 ఓము! వెతికితే, కుడివైపు ఎర్ర వైరు ఛాసిస్ అంచు కింద నలిగి, తొడుగు చీలి రాగి బయటపడి ఉంది.

అయితే ఒక్క వైపు తగిలినంత మాత్రాన షార్టు కాదు. తిన్నగా పోయేటప్పుడు ఏ ఇబ్బందీ లేకపోవడానికి కారణం అదే. రెండో వైపు కూడా ఛాసిస్‌ను ఎక్కడో ముట్టుకోవాలి. అందుకని మీటరు మొనలు ఎడమ చక్రం మీదా ఛాసిస్ మీదా పెట్టి, ముందు ట్రక్కును, అంటే చక్రాలు బిగించి ఉండే అడుగు ఫ్రేమును, చేత్తో మెల్లగా ఆ చివరి దాకా తిప్పాను. చివర్లో అంకె ఒక్కసారిగా సున్నాకు పడింది. చక్రం వెనక రాసుకుంటూ కరెంటు తీసుకునే ఫాస్ఫర్ బ్రాంజ్ రేకు కొస, ట్రక్కు తిరిగినప్పుడు ఛాసిస్ అడుగున తగులుతోంది. ఎన్నాళ్లుగానో ఊరుకున్న ఎర్ర వైరు, ఈ రేకుతో కలిసినప్పుడే షార్టు చేస్తోంది.

రేకు కొసను పట్టకారుతో కొంచెం కిందికి వంచి, అది తగిలే చోట ఛాసిస్‌కు కాప్టన్ టేపు అంటించాను. మొబైల్ రిపేరు వాళ్లు వాడే పసుపచ్చ టేపే. వేడికి కరగదు, మామూలు ఇన్సులేషన్ టేపులా జిగురు కారదు, మందమూ తక్కువే. ఎర్ర వైరు మొత్తం మార్చి, వేడికి బిగుసుకునే ష్రింక్ స్లీవ్ తొడిగి, అంచుకు దూరంగా మోటారు పక్క నుంచి తిప్పాను.

చక్రాల మధ్య దూరం కూడా వెర్నియర్‌తో చూశాను, వెనక వైపుల మధ్య 14.4 మిల్లీమీటర్లు ఉండాలి. ఒక జత ఇరుసు మీద లోపలికి జారి ఉంటే లాగి సరిచేశాను. అలా వదిలేస్తే పట్టాలు చీలే పాయింట్ల దగ్గర ఇంకో షార్టు మొదలవుతుంది.

సముద్రపు గాలికి మా ఊళ్లో పట్టాలు త్వరగా నల్లబడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతోనే తుడుస్తున్నాను. స్టీల్ ఊల్ దగ్గరికే రానివ్వను. దాని పొడి మోటారు అయస్కాంతానికి అతుక్కుని కొత్త షార్టు తెస్తుంది.

శనివారం రెండు దిక్కులకూ వంపంతా నడిపాను, బల్బు వెలగలేదు. వెనక ట్రక్కు రేకుకూ ఇదే టేపు వేయాలి. తర్వాత డీసీసీ డీకోడర్, అంటే పట్టాల గుండా వచ్చే డిజిటల్ ఆదేశాలను చదివి మోటారును నడిపే చిన్న బోర్డు. మోటారుకు కరెంటు అందించే రెండు బ్రష్షుల్లో ఏ ఒక్కటైనా ఛాసిస్‌కు తగులుతుంటే డీకోడర్ కాలిపోవచ్చు కాబట్టి, ఒక్కో బ్రష్షుకూ ఛాసిస్‌కూ మధ్య కొలత తీశాకే దాన్ని కవర్లోంచి బయటికి తీస్తాను.