వైజాగ్ ఉక్కలో కొరియన్ మేకప్ ప్రాక్టీస్, ఇప్పటిదాకా ఏం సెట్ అయిందంటే

కొరియన్ స్టైల్ నేచురల్ లుక్ ప్రాక్టీస్ చేయడం మొదలుపెట్టి చాలా వారాలే అయింది, ఈమధ్యే ఒక దారికొచ్చింది, అందుకే ఏది పనికొచ్చింది ఏది పక్కన పెట్టేశాను అన్నది రాసి పెడుతున్నా. నాది చామనఛాయ, పసుపు అండర్‌టోన్ (చర్మం లోపలి ఛాయ), ముక్కు నుదురు జిడ్డు, కళ్ళ కింద నలుపు, పై పెదవి కింది పెదవి కంటే ముదురు. ముందే ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే కొరియన్ ట్యుటోరియల్స్‌లో ఎక్కువ భాగం తెల్లటి చర్మం లెక్కలోనే ఉంటాయి, అవి చూసి చాలామంది మనకి సూట్ అవదులే అని వదిలేస్తారు. నా ఉద్దేశంలో ఆ లుక్‌లో అసలు సంగతి తెలుపు కాదు, పల్చదనం. చర్మం కనిపిస్తూ ఉండాలి, రంగు మధ్యలో ఉండి అంచులకి వచ్చేసరికి కలిసిపోవాలి, ఎక్కడా గీత కనబడకూడదు. అది ఏ రంగు ముఖం మీదైనా వస్తుంది.

బేస్‌కి కుషన్ (లిక్విడ్ ఫౌండేషన్‌లో నానిన స్పాంజి ఉండే చిన్న డబ్బా) వాడుతున్నా. ఈ కుషన్ అనేదాన్ని 2008లో అమోరెపసిఫిక్ వాళ్ళ ఐయోపి బ్రాండ్ తెచ్చింది, పార్కింగ్ టికెట్ మీద వేసే ఇంకు స్టాంపు చూసి వచ్చిన ఐడియా అట, అందుకే పఫ్‌తో అద్దాలి గానీ రుద్దకూడదు. షేడ్ దగ్గరే మనకి అసలు తలనొప్పి. కొరియాలో నంబర్లు 13, 21, 23 అని ఉంటాయి, 21 అంటేనే బాగా ఫెయిర్, 23 వాళ్ళకి మీడియం, మనలో చాలామందికి అది కూడా బూడిద పూసినట్టే కనిపిస్తుంది. 2024లో తిర్తిర్ అనే కొరియన్ బ్రాండ్ తన రెడ్ కుషన్ షేడ్స్‌ని 30 దాకా పెంచడంతో డీప్ స్కిన్ వాళ్ళకి కూడా దారి దొరికింది, మిగతా బ్రాండ్లు కూడా అలా చేస్తే ఎంత బాగుంటుందో. షేడ్ చూసేటప్పుడు చేతి మీద కాదు, దవడ నుంచి మెడ మీదకి కొంచెం రాసి, బయట వెలుతురులోకి వచ్చి, ఓ పావుగంట ఆగి చూడాలి, కొన్ని ఆరాక ముదురుతాయి కాబట్టి. రెండు షేడ్ల మధ్య డౌట్ వస్తే నేను ముదురుదే తీసుకుంటా.

వేసే పద్ధతి ఇలా. మాయిశ్చరైజర్ పల్చగా, దాని మీద సన్‌స్క్రీన్ రెండు వేళ్ళ పొడుగున (కుషన్ మీద ఎస్‌పీఎఫ్ 50 అని రాసున్నా మనం అద్దే ఆ కాస్త దానికి అంత రక్షణ రాదు, సన్‌స్క్రీన్ విడిగా వేసుకోవాల్సిందే). అది పూర్తిగా ఇంకే దాకా ఆగాలి, ఈలోపు జడ వేసుకోవచ్చు. తర్వాత కుషన్ పఫ్ మీద తీసుకుని మూత మీద ఓసారి తట్టి, ముక్కు పక్కన, బుగ్గల మధ్య, గడ్డం మీద మాత్రమే అద్ది, పఫ్ మీద మిగిలిందాన్ని అంచులకి తీసుకెళ్ళాలి. కళ్ళ కింద నలుపుకి ముందే పీచ్ కరెక్టర్ చుక్కంత, ఉంగరం వేలితో. పౌడర్ ముక్కు పక్కన, నుదురు మధ్యలో, అంతే. ముఖమంతా మెరిసే డ్యూయీ బేస్ సియోల్ చలికాలంలో బాగుంటుందేమో గానీ బీచ్ రోడ్ మీద సాయంత్రం అదే మెరుపు చెమటలా కనిపిస్తుంది, అందుకే సెమీ మ్యాట్ కుషన్ వేసి బుగ్గ ఎముక మీద మాత్రం కొంచెం బామ్ అద్దుతున్నా. పఫ్ వారానికోసారి సబ్బుతో ఉతికి పూర్తిగా ఆరబెట్టాలి, మన తేమకి అది తొందరగా వాసనొస్తుంది.

కనుబొమ్మలకి టైమ్ పట్టింది, ఎందుకంటే అవి పెరగాలి. కొరియన్ స్టైల్ కనుబొమ్మ దాదాపు స్ట్రెయిట్‌గా, మెత్తగా ఉంటుంది, ముఖం చిన్నవయసుగా కనబడేది ఎక్కువగా దానివల్లే. పార్లర్‌లో “అక్కా, ఆర్చ్ వద్దు, కింద అస్సలు తియ్యకండి, చెదురుగా ఉన్నవి మాత్రం తీసేయండి” అని ప్రతిసారీ కూర్చోకముందే చెప్తున్నా. ఆర్చ్ కింద ఉన్న ఖాళీని డార్క్ బ్రౌన్ పౌడర్‌తో నింపితే స్ట్రెయిట్ అయిపోతుంది. లేత బ్రౌన్ మన నల్ల జుట్టుకి అతకదు.

కళ్ళు. కింద కాటుక లేకుండా ఉండటం మనకి పెద్ద మార్పు. మొదట్లో అమ్మ చూసి “ఏంటే, ముఖం బోసిగా ఉంది, ఒంట్లో బాలేదా” అంది. నిజమే, మన కళ్ళకి కాటుక అలవాటు, దాన్ని పూర్తిగా తీసేయడం నాకూ ఇష్టం లేదు. అందుకే బ్రౌన్ పెన్సిల్‌తో పై రెప్పవెంట్రుకల మొదళ్ళలో మాత్రమే నింపి, చివర పైకి లాగకుండా కంటి వంపుతో పాటే కొంచెం కిందికి దించుతున్నా, చూపు వెంటనే మెత్తబడుతుంది. అమ్మ ఇప్పుడు అడగట్లేదు. కంటి కింద ఉబ్బుని చూపించే ఎగ్యోసాల్ కోసం వాళ్ళు దాని కింద సన్నగా నీడ గీత కూడా గీస్తారు, కళ్ళ కింద నలుపున్న వాళ్ళకి ఆ గీత వద్దు, నిద్ర లేనట్టు కనిపిస్తుంది. నవ్వితే ఉబ్బే చోట మెరుపు లేని పీచ్ షాడో చాలు.

బ్లష్ లేత పింక్ అయితే మన చర్మం మీద సుద్దలా తేలిపోతుంది. కోరల్ గానీ ముదురు రోజ్ గానీ తీసుకుని కంటి కిందనుంచి బుగ్గ మధ్యకి అడ్డంగా వేసి, ముక్కు మీదుగా ఓసారి తేలిగ్గా బ్రష్ తిప్పితే ఎండలో తిరిగొచ్చిన పిల్ల బుగ్గల్లా ఉంటుంది.

పెదాలే నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. గ్రేడియెంట్ (లోపల ముదురుగా, అంచులకి లేతగా కలిసిపోయే రంగు) కోసం అంచులు కన్సీలర్‌తో చెరిపేయమంటారు, ముదురు పెదాల మీద అలా చేస్తే బూడిద రంగు వస్తుంది. అంచుల్ని అలాగే వదిలేసి, ముందు బామ్ రాసి తుడిచేసి, రొమాండ్ జ్యూసీ లాస్టింగ్ టింట్‌లో ఫిగ్‌ఫిగ్ షేడ్ లోపలి భాగంలో వేసి వేలితో బయటికి తడుతున్నా, ఆరాక మళ్ళీ లోపల మాత్రమే ఇంకో పూత. మన పెదాల సొంత రంగే అంచు అవుతుంది. టిఫిన్ తిన్నాక పైన మెరుపు పోయినా మరక మిగులుతుంది.

రాత్రి పొడి ముఖం మీద క్లెన్సింగ్ ఆయిల్‌తో ఓ నిమిషం మర్దన చేసి, తడి చేతులతో పాలలా అయ్యేదాకా రుద్ది కడిగి, తర్వాత ఫేస్‌వాష్. ఇది మానేస్తే పై పనంతా దండగ.

ఇంకా సాధించాల్సింది రెప్పవెంట్రుకలు. మస్కారా సగం ఆరినప్పుడు ట్వీజర్స్‌తో కొన్ని కొన్ని కలిపి గుత్తులుగా చేయాలి, బాగా తడిగా ఉంటే అతుక్కుపోతాయి, ఆరిపోతే కలవవు. మధ్యలోవి బాగా వస్తున్నాయి, చివర చిన్నవి ఇంకా చేతికి చిక్కట్లేదు, సన్న మొన ఉన్న ట్వీజర్స్ ఆర్డర్ పెట్టా, అవొచ్చాక ఆ చిన్నవాటి మీదే ప్రాక్టీస్ చేస్తా.