సూది తగిలితే క్యాన్సర్ పాకుతుందా?

నాకు గడ్డ లేదు, నొప్పి లేదు. మామూలుగా చేయించుకునే మామోగ్రామ్‌లో (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) ఎడమ రొమ్ములో ఒకచోట ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు కనిపించాయి. కాల్షియం రేణువులు. చాలామందిలో ఇవి హాని చెయ్యవు. నావి గుంపుగా, ఒక్కోటి ఒక్కో ఆకారంలో ఉన్నాయని రిపోర్టులో ‘బైరాడ్స్ 4’ అని రాశారు. అంటే అనుమానంగా ఉంది, బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేసి తేల్చుకోవాలని. క్యాన్సర్ అని కాదు. బయాప్సీ దాకా వెళ్లినవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు కూడా.

"సూది గుచ్చితే ఒళ్లంతా పాకుతుందట, వద్దమ్మా" అంది మా అత్తయ్య. ప్రేమతో అన్నమాటే. కానీ ఈ భయంతోనే ఎంతమంది నెలల తరబడి వాయిదా వేస్తున్నారో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. డాక్టరుగారిని సూటిగా అడిగేశాను. సూది బయాప్సీ వల్ల జబ్బు ముదరదనీ, ఏ రకమో ముందే తెలిస్తే వైద్యం దాన్నిబట్టి నిర్ణయించవచ్చనీ చెప్పారు.

ఆ చుక్కలు అల్ట్రాసౌండ్‌లో కనపడలేదు. అందుకని మామోగ్రామ్ మిషన్‌లోనే రొమ్మును నొక్కిపెట్టి, రెండు కోణాల్లో ఎక్స్‌రే తీసి, సూది ఎంత లోతుకు వెళ్లాలో కంప్యూటర్‌తో లెక్క కట్టారు. మత్తు ఇంజెక్షన్ చురుక్కుమంది. తర్వాత లోపల ఏదో లాగుతున్నట్టు అనిపించిందే తప్ప నొప్పి తెలియలేదు. కదలకుండా ఉండడమే కష్టం. తీసిన సన్నటి ముక్కల్ని అక్కడికక్కడే ఎక్స్‌రే తీసి, వాటిలో ఆ తెల్ల చుక్కల్ని తెర మీద చూపించి, "కావలసినవి వచ్చేశాయమ్మా" అంది టెక్నీషియన్. ఆ మాటకి ఎంత ధైర్యం వచ్చిందో! తీసినచోట గుర్తుగా చిన్న లోహపు క్లిప్ వదిలారు. కుట్లు పడలేదు, పట్టీ వేసి ఐస్ ప్యాక్ ఇచ్చారు.

రిపోర్టు వచ్చేదాకా మాత్రం నిద్ర లేదు.

డీసీఐఎస్ అని వచ్చింది. క్యాన్సర్ కణాలు ఉన్నాయి, కానీ పాలనాళం గోడ దాటలేదు. ఆ భాగం వరకే తీసి, రేడియేషన్ ఇచ్చారు. కీమో అక్కర్లేకపోయింది. చేతికి తగిలే గడ్డ అయ్యేదాకా ఆగి ఉంటే ఇంత తేలిగ్గా పోయేది కాదేమో.

మామోగ్రామ్‌లు ఏ వయసులో మొదలుపెట్టాలన్నది దేశాన్నిబట్టి మారుతుంది. అమెరికా నిపుణుల బృందం 2024లో 40 నుంచి 74 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి చేయించుకోమంది. ఇంట్లో అమ్మకో అక్కకో రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ఇంకా ముందే డాక్టరుని అడగండి. రొమ్ము కణజాలం దట్టంగా ఉన్నవాళ్లకి మామోగ్రామ్‌లో అదీ తెల్లగానే, గడ్డా తెల్లగానే కనిపిస్తుంది, గడ్డ తెలియకపోవచ్చు. కాబట్టి మామోగ్రామ్ నార్మల్ అని వచ్చినా, చేతికి గడ్డ తగులుతుంటే ఊరుకోకండి, మళ్లీ వెళ్లి చూపించుకోండి.